ముప్పయి గుండ్ల లెక్క

ఎనుమాముల రోడ్డు మీద మూతపడ్డ జిన్నింగు మిల్లు
ఇప్పుడు ఆదివారాలు మాత్రమే బతుకుతది.
ఇదే షెడ్డుల పన్నెండేండ్లు పత్తి మోసిన,
ఇప్పుడు ఇదే షెడ్డు గుమ్మం కాడ
ప్లాస్టిక్ తుపాకులకు గుండ్లు నింపుత.

బల్ల మీద మూడు రకాల మ్యాగజైన్లు.
ముప్పయి పట్టేది. నూట ఇరవై పట్టేది.
మూడు వందలు మింగే పొట్టది.
కిరాయి మూడింటికీ ఒక్కటే.
అయినా అందరి చెయ్యి ముందుగాల పొట్టదాని మీదికే పోతది,
పెండ్లి బంతిల కూసున్నోని కన్ను
బగార గిన్నె మీదికి పోయినట్టు.

ఆ పొట్టదాంట్ల గుండ్లు వదులుగ ఉంటయి,
అడుగున చక్రం తిప్పుకుంటనే ఉండాలె,
మరిచిపోతే కడుపుల మూడు వందలుండి కూడ
ఒక్కటి పైకి రాదు.
ఉరికితే గలగల.
దాగితే గలగల.
మొన్న కాజీపేట క్వార్టర్ల పిల్లగాడు ప్రణీత్
తుప్పుపట్టిన ప్రెస్సు చాటున ఊపిరి బిగబట్టి కూసున్నడు గని
నడుముకున్న మ్యాగజైన్ ఊపిరి పీల్చింది.
పక్క గోదాముల మిర్చి ఘాటుకు తుమ్మి దొరికినోడు ఇంకొకడు,
వాని కథ వేరే.

నూట ఇరవైది సప్పుడు చెయ్యదు.
స్ప్రింగు గట్టిది, నింపేటప్పుడు
ఏడ్చేది నా బొటనవేలే.
నిఖత్ అడిగింది ఒకనాడు: "అక్కా, నాకేది మంచిది?"
నీకెంత దూరం కనబడతది బిడ్డా, అన్న.
పత్తి ఏరేటప్పుడు ఒడి పెద్దగ కట్టుకుంటే
చేను పెద్దగయితదా?
ఆ పిల్ల నూట ఇరవైవి రెండు తీసుకపోయి
ఒకటి నిండుగనే తిరిగి తెచ్చింది.

ముప్పయిది తీసుకునేది ఒక్కడే, సాంబయ్య సారు.
ఆర్మ్‌డ్ రిజర్వుల ఆయుధాల గదికి కావలి ఉండి
రిటైరయిన మనిషి.
మొదట మనవణ్ని తోలుకొచ్చిండు,
వాడు మానేసినా తను మానలేదు.
అందరివి తెల్ల గుండ్లు,
ఆయనకు పచ్చవి వేరే డబ్బాల పెట్టుమన్నడు.
నేను నింపుతుంటే ఎదురుగ నిలబడి పెదవులు కదుపుతడు,
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది...
నా మీద అనుమానం కాదు,
పెదవులకు అలవాటు.

"మా కాలంల ఒక్క ఖాళీ గొట్టం లెక్క తగ్గితే
అడవిల గడ్డి పోస పోస జరిపి ఎతికినమమ్మా,
తెల్లారేదాక" అన్నడు ఒకసారి.
దొరికిందా సార్, అన్న.
దొరికింది, అన్నడు.
అండ్ల నుంచి పోయింది ఎక్కడ దిగిందో
నేనడగలేదు.

ఇక్కడి ఆటల తాకినోడు తనకు తానే చెప్పాలె,
చెయ్యెత్తి బయటికి నడిచి రావాలె.
సారు అందరికన్న ముందే చెయ్యెత్తుతడు.
ఒక్కోసారి తాకకముందే ఎత్తుతడని పిల్లలు నవ్వుకుంటరు.

ఆట అయినంక ఊడ్చేది నేనే.
గోడల సందుల పాత పత్తి ఇంకా ఉన్నది,
చీపురుకు దూది, గుండ్లు కలిసే వస్తయి.
కింద పడ్డది మళ్ల పనికిరాదు,
దుమ్ము పట్టి గొట్టంల ఇరుక్కుంటది.
ఆ సంగతి సారుకు నాకన్న ఎక్కువే తెలుసు.
అయినా ఫోను లైటు పట్టుకొని, వంగి,
పచ్చవి ఏరి రుమాల్ల పోసుకుంటడు.

నిన్న ఇరవై తొమ్మిదే దొరికినయి.
చీకటి పడ్డది. దోమలు.
గేటు కాడ మొగిలి తాళంచెవులు ఆడిస్తున్నడు.
డబ్బాల నుంచి ఒక పచ్చ గుండు తీసి
ఆయన బూటు పక్కకు మెల్లగ దొర్లించిన.

సారు తీసిండు.
వేలి మీద తిప్పి, లైటు కింద పెట్టి,
నా దిక్కు చూడకుండనే అన్నడు:
"దీనికి దుమ్ము లేదమ్మా."

దాన్ని నా బల్ల మీద పెట్టి
మళ్ల వంగిండు.
మొగిలి తాళంచెవులు జేబుల వేసుకొని
తన టార్చి తీసిండు.